లారీ వెనక ఇల్లు

ఈ ఉదయం మా బస్సు ముందు ఆగిన లారీ వెనక స్టిక్కర్ బొమ్మ ఒకటి... సగం ఊడి గాలికి కొట్టుకుంటోంది. కింద ఉత్త రేకు.

మా చిన్నప్పుడు సారపాకలో స్టిక్కర్లు లేవు... వీర్రాజు మామ ఉండేవాడు. లారీలకు బొమ్మలు వేసేవాడు. అతనిది సముద్రం పక్క ఊరు. వేరే కులం అమ్మాయిని పెళ్లి చేసుకున్నందుకు ఊరు వెలివేసింది. మళ్లీ అక్కడ కాలు పెట్టలేదు.

మా నాన్న లారీ డ్రైవర్. మా ఊరి పేపర్ మిల్లు కాగితం మామ ఊరి వైపే తీసుకెళ్లేవాడు. నాన్న లారీ వెనక మామ తన ఇల్లు వేశాడు... పెంకులు, అరుగు, పచ్చటి గడప.

"ఏంది వీర్రాజూ, నా లారీకి గడప పెట్టినవ్? చెప్పులిడిచి ఎక్కాల్నా?" అన్నాడు నాన్న.

"మా ఇంటెదురు టీ కొట్టుందండీ. బండి వెనక వైపు మా గుమ్మానికేసి పెట్టి ఆపండి. మా అమ్మ చూస్తుంది... చాలు."

బడి నుంచి వస్తూ, కాన్వెంట్ యూనిఫాంతోనే రంగు డబ్బాల పక్కన నిలబడేదాన్ని. ఒకరోజు ధైర్యం చేసి అడిగాను.

"మీ ఊర్ల కూడ గిట్లనే వేసేటోనివా మామా?"

"ఊళ్లో గోడలకి సున్నం కొట్టేవాణ్ణమ్మా. కళ్లెదురుగా ఇల్లుంటే బొమ్మెందుకు?"

ప్రతి ట్రిప్పు తర్వాతా పరిగెత్తుకొచ్చేవాడు. "తలుపు తీసిందాండీ?"

"జల్దీల ఉన్న... చూడలే" అనేవాడు నాన్న, టైర్లు చూసుకుంటూ.

మామ బ్రష్ తీసి ఇంకొకటి చేర్చేవాడు... పగిలిన పెంకు, బావి తాడు, ఆరేసిన నీలం చీర. చూస్తుంటే లోపల ఎవరో ఉన్నట్టే భయమేసేది.

ఒక వేసవిలో లారీ తిరిగొచ్చేసరికి బొమ్మలోని గడపకు కుంకుమ బొట్లున్నాయి. మూడు.

మామ వాటిని తాకలేదు. అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు.

ఆ వారమే గుమ్మంలో ఒక మనిషిని వేశాడు. అతను వేసిన మొదటి మనిషి. ముఖం మాత్రం ఖాళీగా వదిలాడు.

"అమ్మని చూసొచ్చి వేస్తానమ్మా" అన్నాడు.

ఊరికి భయపడి వెళ్లలేదు. ఆ తర్వాత ప్రతి లారీ వెనకా ఆవిడే... ముఖం లేకుండా. అడవి రోడ్డు మీద ఒకదాని వెనక ఒకటి వెళ్తుంటే నేను తల దించుకునేదాన్ని.

ఇప్పుడా రోడ్డు మీద ఏ లారీ నా వైపు చూడదు... మీ ఊరి లారీల మీద ఏ బొమ్మలుండేవో గుర్తుంటే రాయండి.

ఆ వేసవి ట్రిప్పుకు నాన్నతో నేనూ వెళ్లాను. ఆ ఇంటికి తాళం వేసి ఉంది. వాళ్లమ్మ పోయిందని నాన్నకు మొదటి ట్రిప్పులోనే తెలుసు. తిరుగు దారిలో లారీ ఆపి నాన్న బొట్లు పెడుతుంటే, కుంకుమ భరిణె పట్టుకున్నది నేనే.