ఒక్క టైలు తక్కువ

టైల్స్ గోడౌన్‌లో ఆమెను అందరూ భాగహారమ్మ అంటారు. ఎదురుగానే అంటారు, ఆమే పలుకుతుంది. ఉద్యోగం టైళ్ల పెట్టెలు లెక్క చూసి, పగిలినవి ఏరి, చీటీ రాయడం. అసలు పని మాత్రం సాయంత్రం ఆరింటికి, తన ఒంటిగదిలో, కిటికీ పక్క బల్ల దగ్గర మొదలవుతుంది. అక్కడ గోడకు ఒక కార్డు అంటించి ఉంటుంది. దాని మీద 4295229443 అని, కింద ‘దీన్ని విడగొట్టి రా’ అని రాసి ఉంటుంది.

ఒకసారి ఇంటికొచ్చిన సూపర్‌వైజరు పది అంకెలు చూసి, ఫోన్ నంబరనుకుని నొక్కబోయాడు. నిజంగా ఫోన్ నంబరే అయితే ఎంత బాగుండేదో అని ఆమె అనుకుంది.

అది తమ్ముడు పంపిన కార్డు. చిన్నప్పుడు వాళ్లిద్దరికీ ఒక ఆట ఉండేది. పోట్లాడుకుంటే ఒకరు ఒక సంఖ్య ఇవ్వాలి. అది ఏ రెండు సంఖ్యలు గుణిస్తే వచ్చిందో రెండోవాళ్లు కనిపెట్టాలి. అందాకా మాటల్లేవు. కనిపెట్టగానే పోట్లాట తీరిపోయినట్టే. విడగొట్టలేని సంఖ్య ఇవ్వకూడదు, పెన్సిలు తప్ప ఇంకేదీ ముట్టకూడదు.

పదిహేనేళ్ల కిందట అమ్మ ఆసుపత్రిలో ఉంటే, దూరాన ఉన్నవాడు కంగారుపడతాడని, రేపు చెబుదాంలే అని ఆమె మూడు రోజులు నాన్చింది. వాడు వచ్చేసరికి అంతా అయిపోయింది. ఒక్క మాటా అనకుండా వెళ్లిపోయాడు. నెల తిరక్కుండా ఈ కార్డు వచ్చింది.

వాడి కోపమెంతో సంఖ్యా అంత గట్టిదే అయి ఉంటుందని ఆమె తీర్మానించుకుంది. అంకెలు కూడితే నలభై నాలుగు, కాబట్టి మూడుకు లొంగదు. ఏడుకూ లొంగలేదు, పదకొండుకూ లొంగలేదు. ప్రధాన సంఖ్యల పాత పట్టిక ముందు పెట్టుకుని, వాటితో వరసగా, రోజుకొక్కదానితో, నోటుపుస్తకంలో రోజుకో పేజీ మీద, తప్పు పోకుండా రెండేసిసార్లు భాగించేది. రోజుకు పది చేయగలదు. కానీ శిక్షను నింపాదిగా అనుభవించాలని ఆమె పట్టుదల. ఇలాంటి మొండిఘటాలు ఊరికొక్కరుంటే చాలు. కంప్యూటరైతే చిటికెలో చెప్పేస్తుందని సూపర్‌వైజరు అంటే, దొంగాట ఆడనని నోరు మూయించింది. పదిహేనేళ్లకు యాభై మూడు వేలు దాటింది. ఆ గదిలో ఆమెకు రోజూ తోడున్నవి శేషాలే.

మొన్న గోడౌన్‌లో నమూనాకని పన్నెండు వరసల్లో పన్నెండేసి టైళ్లు పరిచారు. మూలన ఒకటి పగిలితే తీసేశారు. చీటీలో ఎన్ని రాయాలని సూపర్‌వైజరు అడిగాడు. నూట నలభై మూడని చెప్పి, ఆమె అక్కడే ఆగిపోయింది.

తమ్ముడికి ఎనిమిదేళ్లప్పుడు తనిచ్చిన సంఖ్య అది. వాడు ఏడుపు మొహం పెడితే తనే కిటుకు చెప్పింది. “ఒకటి కలిపి చూడరా. పన్నెండు పన్నెండ్లు వచ్చిందా? అయితే పన్నెండుకి అటు పదకొండు, ఇటు పదమూడు. అంతే.”

ఇంటికెళ్లి కార్డు మీది సంఖ్యకు ఒకటి కలిపింది. వర్గమూలం కట్టింది. సరిగ్గా 65538, శేషం సున్నా. అటు 65537, ఇటు 65539. రెండూ ప్రధాన సంఖ్యలే, కింద నుంచి ఎక్కుతూ పోతే ఇంకో మూడేళ్లు పట్టేది. ఇలా అయితే పావుగంట. పిల్లను చంకలో పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే.

సంతోషం రాలేదు, ఏడుపొచ్చింది. వాడు పంపింది శిక్ష కాదు. కార్డు అందిన సాయంత్రానికే తేలిపోవాలని, ఆమె నేర్పిన కిటుకుతోనే అల్లిన సంఖ్య.

సెలవు రోజున బస్సెక్కి, కార్డు మీది చిరునామాకు వెళ్లింది. తలుపు తీసినవాడి జుట్టు సగం నెరిసింది. ఆమె గుమ్మంలోనే ఆ రెండు సంఖ్యలూ చెప్పింది.

“కార్డు అందిన రోజే వస్తావనుకున్నానక్కా,” అన్నాడు. “ఇంత తేలికది నీకు తెలియకపోవడమేంటి, నా మొహం చూడ్డం ఇష్టం లేదేమో అనుకున్నా.”

ఆమె రెండు సంచుల్లోంచి నోటుపుస్తకాలు తీసి బల్ల మీద పేర్చింది. ముప్పై ఒక్కటి. వాడు మొదటిది తెరిచాడు. మొదటి పేజీ మీద కార్డు అందిన రోజు తేదీ ఉంది. తర్వాతి పేజీ మీద మర్నాటిది. ఆ తర్వాతి దాని మీద ఆ మర్నాటిది. వాడు ఒక్కో తేదీ పైకి చదువుతూ కూర్చున్నాడు. రెండో పుస్తకం సగంలో ఇక చదవలేకపోయాడు.