ముక్కు మీద నుదురు

ముక్కు పక్కన ఎంతకీ మానని పుండు చర్మ క్యాన్సరని తేలింది. డాక్టరు దాన్ని కోసి తీసేశాక మిగిలిన గుంతలో అల్వాల్‌లోని మా ఇల్లు వాకిలితో సహా పట్టేది. అది పూడ్చడానికి నా నుదుటి చర్మాన్నే పట్టీలా కోసి, కనుబొమ దగ్గర మాత్రం తెంచకుండా మెలితిప్పి, ముక్కుకు కుట్టారు. కొత్త చోట నెత్తురు ఆడేదాకా, కొన్ని వారాలు, ఆ తొండంతోనే ఉండాలి. పాలు పోసే ఆయన నన్ను చూసి చెప్పులు విడిచి దండం పెట్టాడు.

"రంగు చూసుకుంటూ ఉండండమ్మా. నల్లబడితే వెంటనే రండి. చెయ్యి మాత్రం పెట్టొద్దు," అన్నారు డాక్టరు.

ఇక నాకు కూర్చుంటే ముక్కు, నిలబడితే ముక్కు. ఆపేసిన టీవీలో, చెంచా వెనక కూడా దాన్నే చూసుకునేదాన్ని. అత్తమ్మ విసిగిపోయి అద్దాలన్నీ బీరువాలో పెట్టి తాళం వేసింది.

"గట్ల చూస్తే ముక్కు సుత సిగ్గువడి రాలిపోతది. జెర పండుకో."

ఓ మధ్యాహ్నం పడుకున్నాను. లేచి స్టీలు పళ్లెంలో చూసుకుంటే ముక్కు మీద నల్లటి మచ్చ. దగ్గరికొచ్చే ధైర్యంలేక గుమ్మంలోంచే చూసి, "నల్లగనే ఉన్నదే," అని మా ఆయన గోడ పట్టుకుని కూలబడ్డాడు. ఆయన్ని లేపి, ఆటో పిలిచిందీ నేనే. ఇది చచ్చిపోతే మళ్లీ కోయడానికి నాకింకో నుదురు లేదు.

ఆటోలో అత్తమ్మ నా ముక్కును ఎగాదిగా చూసి, "ఏడ నల్లగైంది? మంచిగనే ఉన్నది గదా," అంటూనే ఉంది. ముసలి కళ్లకు కనబడదులే అనుకున్నాను.

డాక్టరు లైటు వేసి, గోటితో మచ్చను లేపి, వేలి మీద పెట్టి చూపించారు. మెరూన్ స్టిక్కరు బొట్టు.

అందరం అత్తమ్మ వైపు తిరిగాం.

"ఏం జెయ్యాలె సారూ. వచ్చేటోళ్లంతా బోసి మొఖం చూసి పోతున్నరు. నుదురేమో మీరు దీసి ముక్కు మీద వెట్టిన్రు. బొట్టు నుదుటికే గదా పెడ్తం?"

డాక్టరు బొట్టును చెత్తబుట్టలో వేశారు. "కుట్లు విప్పేదాకా ఏదీ అంటించొద్దమ్మా," అని, వేలితో కొత్త ముక్కును మెల్లగా నొక్కారు. నాకు మాత్రం నుదుటి మీద నొక్కినట్టుంది. వేలు తీస్తే అక్కడ తెల్లగా పాలిపోయింది. నెత్తురు ఆడుతుంటే రంగు తిరిగి రావాలట. నేను మెల్లకన్ను వేసి చూసినా ఏమీ తెలియలేదు.

అత్తమ్మ నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"వస్తున్నది బిడ్డా," అంది. "ఆగు. ఇంకా వస్తున్నది."