సిలిండర్ల లైన్లో నాలుగు రోజుల భోగం

ఆ రోజుల్లో నా ఫోన్ నంబరు బోధన్‌లో సగం ఇళ్ళ వంటింటి గోడల మీద ఉండేది, నాతో మాట్లాడేవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు. గ్యాస్ గోదాం కాపలా ఉద్యోగం, ఇరవై మూడేళ్ళ వయసు. రుద్రూర్ పోయే తోవలో చెరుకు తోటల మధ్య ఒక షెడ్డు, చుట్టూ కంచె, లోపల నేను. పొద్దున్నే ఆటో డ్రైవర్ వచ్చి సిలిండర్లు ఎక్కించుకొని ఉలుకూ పలుకూ లేకుండా పోయేవాడు (చెవుల్లో ఎప్పుడూ పాటలే). ఫోన్ మోగితే ప్రాణం లేచొచ్చేది. సిలిండర్ ఎప్పుడని అడిగేవాళ్ళు, రేపు అనగానే పెట్టేసేవాళ్ళు. మాట పొడిగిద్దామని ఒకాయనను అన్నం తిన్నారా అని అడిగితే, రాంగ్ నంబర్ అనుకొని కట్ చేశాడు.

అప్పుడే ఎక్కడో ఓడరేవులో కూలీలు సమ్మెకు దిగారు. గ్యాస్ ఓడలు సముద్రంలోనే ఆగిపోయాయట, మా లారీ రావడం మానేసింది. డీజిల్ కూడా దొరకదని బంకుల ముందు ట్రాక్టర్లు బారులు తీరాయి, కిరాణా కొట్లలో నూనె ప్యాకెట్లు మాయమయ్యాయి. ఇక జనమే ఖాళీ సిలిండర్లు మోసుకొని నా గోదాంకు రావడం మొదలుపెట్టారు. సిలిండర్లను లైన్లో నిలబెట్టి తాము షెడ్డు నీడలో కూర్చునేవారు, సాయంత్రం ఎవరిది వాళ్ళు తీసుకుపోయేవారు. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకవి పండుగ రోజులు.

అందరూ నన్నే అడిగేవారు. సముద్రం మొహం చూడనివాణ్ణి, ఓడ ఎట్లా ఆగుతుందో, కూలీల కోరికలేమిటో చేతులు తిప్పుతూ చెప్పేవాణ్ణి. ఒకరు సమ్మెను తిడితే ఇంకొకరు ఆళ్ళకు మాత్రం కడుపు లేదా అనేవారు. బస్టాండు దగ్గర ఇడ్లీ బండి నడిపే అక్క అందరికీ పల్లీలు పంచేది. షుగర్ ఫ్యాక్టరీలో చెరుకు బండ్లు తూచి తూచి ముసలైన కాంటా తాత (ఫ్యాక్టరీ మూతపడ్డా పేరు మాత్రం పోలేదు) అందరికంటే ముందొచ్చి చివర పోయేవాడు. సైకిల్ మీది సిలిండర్‌ను తానే దించేవాడు, ఎవరినీ చెయ్యి వేయనిచ్చేవాడు కాదు.

నాలుగో రోజు పొద్దున నిజామాబాద్ నుంచి మా సేఠ్ ఫోన్ చేశాడు. సమ్మె అయిపోయింది, లారీ రేపు వస్తుంది, జనాన్ని ఇళ్ళకు పంపెయ్ అన్నాడు.

ఇడ్లీ అక్క దగ్గరికొచ్చింది. "సేఠ్ ఏమన్నడు తమ్మీ? గ్యాస్ లేక బండి ఎట్లాగూ బందే ఉన్నది. ఇయ్యాల లారీ రాకుంటే కూలికన్న పోత."

"రావచ్చక్కా, కూసో" అన్నాను.

ఎందుకన్నానంటే, నిజం చెబితే పది నిమిషాల్లో గోదాం ఖాళీ అవుతుంది. సాయంత్రం దాకా ఉండనీ అనుకున్నాను. ఆమె నా మాట నమ్మి కూర్చుంది.

మధ్యాహ్నం లైను మీద ఎండ పడుతుంటే సిలిండర్లను నీడకు జరపడం మొదలుపెట్టాను. కాంటా తాతది ఎత్తబోతే నడుము పట్టేసింది. నిండు సిలిండర్! సీలు కూడా తీయలేదు. తాత గబగబా వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఇంట్ల ఒక్కన్నే ఉంటే పొద్దు పోతలేదు బిడ్డా. ఎవ్వలకు జెప్పకు."

ముందు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. దొంగకు దొంగ తోడు దొరికాడని సేఠ్ ఫోన్ సంగతి దాచి అక్కను కూర్చోబెట్టానని నా సంగతి కూడా చెవిలో చెప్పేశాను. తాత చెయ్యి వదిలేశాడు.

"నా సిలిండర్‌తోటి ఎవ్వల పని ఆగలే. నీ మాటతోటి గా పిల్ల ఇయ్యాల కూలి పోగొట్టుకున్నది. పోయి చెప్పు."

పోయి చెప్పాను. కబురు అప్పుడే వచ్చిందనుకొని అందరూ సంబరపడ్డారు. ఇడ్లీ అక్క మిగిలిన పల్లీలన్నీ నా చేతిలో పోసి, నీ నోట్లో చక్కెర పొయ్య అని దీవించింది. పొద్దుననే తెలుసని చెప్పే ధైర్యం లేక ఆ పల్లీలు నములుతూ నిలబడ్డాను. అనుకున్నట్టే పది నిమిషాల్లో గోదాం ఖాళీ అయింది. అందరికంటే చివర, సైకిల్ తోసుకుంటూ తాత పోయాడు.

మర్నాడు లారీ వచ్చింది. నేను మాత్రం రోజంతా తాత కోసం తోవ చూశాను. ఆయన ఇంటి అడ్రసు నా పుస్తకంలోనే ఉంది, కానీ ఏం పని పెట్టుకొని పోవాలో తోచలేదు. బహుశా ఆయనకూ అంతే. పని లేకుండా కూడా మనిషి దగ్గరికి మనిషి పోవచ్చని ఇరవై మూడేళ్ళవాడికి తెలియలేదంటే సరే, పాపం డెబ్బై ఏళ్ళ తాతకు కూడా తెలియలేదు.