బోణీ వేళ వద్దన్న మాట

మా నాయనకు గిద్దలూరు బజారులో విత్తనాలు, పురుగుమందుల దుకాణం ఉంది. అందులో పలకకూడని మాటలు రెండున్నాయి: లేదు, వద్దు. సరుకు అయిపోతే ‘నిండుకుంది’ అనాలి. అసలు తెప్పించని సరుకైతే ‘రేపొస్తుంది’ అనాలి. పొద్దున బోణీ కాకముందు ఆ మాటలు నోట్లోంచి వస్తే ఆ రోజు బేరం సాగదని నాయన నమ్మకం.

నాకు ఈ కట్టడి ఎప్పుడూ కష్టమనిపించలేదు. ఎవరికైనా కాదని చెప్పాలంటే చిన్నప్పటి నుంచీ నాకు గొంతు పెగలదు. డిగ్రీ అయ్యాక పుస్తకాలు చదువుతూ, నచ్చిన మాటలు డైరీలో రాసుకునేదాన్ని. ఒక పేజీ నిండా ఈ కాదనే మాటలే ఉన్నాయి. నిరాకరించడం అంటే అడిగింది ఇవ్వకపోవడం, ఇచ్చింది పుచ్చుకోకపోవడం. తిరస్కరించడంలో కొంచెం చులకన కలిసి ఉంటుంది. నిషేధించడానికి అధికారం కావాలి. వారించడానికి మాత్రం దగ్గరితనం చాలు, పడబోయే మనిషి చెయ్యి పట్టుకున్నట్టు. ఇవన్నీ రాయడం వచ్చు. పైకి అనడం రాదు.

పోయిన వానాకాలంలో ఒక రోజు నాయన మార్కాపురం వెళ్తూ తాళాలు నాకిచ్చాడు. షట్టరు ఎత్తి, ఊడ్చి, అగరబత్తి వెలిగించానో లేదో ఒకామె మెట్టెక్కింది. నాకంటే అయిదారేళ్ళు పెద్దది కావచ్చు.

“చెల్లే, పురుగుల మందు డబ్బా ఒకటియ్యి.”

“ఏం పైరుకక్కా?”

“ఏదో ఒకదానికి.”

“ఆకు తెచ్చినావా?”

మందుకొచ్చే రైతులెవరూ మా దగ్గరికి వట్టి చేతులతో రారు. తెగులు పట్టిన ఆకో కాయో కవర్లో వేసుకొస్తారు. దాన్ని చూసే మందిస్తాం. ఆమె చేతిలో చిన్న పర్సు తప్ప ఏమీ లేదు. కాళ్ళకు చెప్పులు లేవు. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

“ఇవన్నీ చెప్తేనే ఇస్తావా ఏంది? కోర్టులో అడిగినట్లు అడుగుతున్నావే.”

ఆమె కొంటున్నది పైరుకు కాదని అప్పుడు అర్థమైంది. అంత భయంలోనూ నోటికి వచ్చింది దుకాణం మాటే.

“నిండుకుందక్కా. రేపొస్తది లోడు.”

ఆమె నా వెనక అరల నిండా ఉన్న డబ్బాలను చూసింది. “దుకాణపోళ్ళ మాట ఎప్పుడూ ఇంతే” అని మెట్టు దిగి, ఎదురు దుకాణం వైపు నడిచింది.

అదీ పురుగుమందుల దుకాణమే. దాని యజమానిని పెదనాయనా అని పిలుస్తాను. చుట్టం కాదు, బజారు వరస. వేరే దుకాణం మెట్టెక్కిన మనిషిని వెనక్కి పిలవడం మా బజారులో పెద్ద తప్పు. దాని మీద ఏళ్ళ తరబడి మాటలు మానుకున్నవాళ్ళున్నారు. ఆయన డబ్బా తీసి బల్ల మీద పెట్టడం ఇక్కడి నుంచే కనిపించింది. రోడ్డెలా దాటానో తెలియదు.

“పెదనాయనా, ఇయ్యొద్దు.”

“ఏందమ్మా ఇది? మీకాడ కాని బోణీ నన్నూ చేసుకోనియ్యవా? మీ నాయన నేర్పినాడా?”

“అట్ల కాదు పెదనాయనా. వొద్దు. ఆమెకాడ ఆకు లేదు.”

ఆయన అప్పుడు ఆమె ముఖం చూశాడు. డబ్బాను మెల్లగా తన వైపు లాక్కున్నాడు.

ఆమె నా మీదికి తిరిగింది. “నువ్వెవరే నాకొద్దని చెప్పేదానికి?”

కొడుతుందేమో, నేనే పొరబడ్డానేమో, పదిమందిలో ఒక మనిషి పరువు తీశానేమో అని భయమేసింది. “వొద్దక్కా” అన్నాను మళ్ళీ.

ఆమె మెట్టు మీద కూలబడింది. “అత్తింట్లో చెప్పే వచ్చినా. పోతే పో అన్నారు గాని, ఒక్కరన్నా వొద్దనలేదు” అంది రోడ్డు వైపు చూస్తూ.

పెదనాయన డబ్బా లోపల పెట్టి టీ తెప్పించాడు. వదిలితే ఇంకో దుకాణానికి పోతుందని నేను ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ఆమె చెప్పిన నంబరుకు ఫోన్ చేస్తే కొమరోలు నుంచి వాళ్ళన్న బండి మీద వచ్చాడు. ఏమీ అడగలేదు. “మనింటికి పోదాం రా” అన్నాడు. బండెక్కే ముందు ఆమె నా నంబరు తీసుకుంది.

సాయంత్రానికి బజారంతా నాయనకు చెప్పేసింది.

“బోణీ కాకముందే వొద్దన్నావంట. అదీ వాళ్ళ దుకాణంలో.”

“అన్నా నాయనా.”

ఆయన అరల వైపు చూశాడు. “రేపటి నుంచి ఆకు చూడందే డబ్బా తీయొద్దు” అన్నాడు. తర్వాత ఎదురు దుకాణానికి వెళ్ళి అదే మాట చెప్పొచ్చాడు.

ఆమె అన్న దగ్గరే ఉంటోంది. అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంది. ఆ నంబరు కనిపించగానే, మాట్లాడేది ఆమేనో, ఆమె గురించి చెప్పేవాళ్ళో అని భయపడుతూనే ఎత్తుతాను. నిన్న బోణీ కాకముందు మోగింది.

“చెల్లే, అన్న చేన్లో మిరప ఆకు ముడుచుకుంటాంది. రేపు ఆకు తెస్తా, మందియ్యి.”

“నువ్వు రావొద్దక్కా. ఆకు మీ అన్నకిచ్చి పంపు.”

“ఇంకా భయమేందే నీకు?”

“భయమే అక్కా.”

“సరేలే. అన్ననే పంపుతా” అంది.