వెనక గుమ్మం

అప్పయమ్మ కోపం ఆ రైల్వే కాలనీలో అందరికీ తెలుసు. ఆ కోపం ఎందుకో తెలుసుకోవాలని మాత్రం ఎవరికీ అనిపించలేదు. "ఆ మనిషికి కోపం ముక్కు మీదే ఉంటుంది" అనేసి ఊరుకున్నారు. ముక్కు మీద ఉన్నది కోపం కాదు నాయనా, వాసన. పట్టాల మీద మనిషి నలిగిపోయినా, రైలుపెట్టెలో కత్తిపోట్లు జరిగినా, ప్లాట్‌ఫారం మీద ఆడమనిషికి నెలలు నిండకుండా కాన్పయినా, ఆ నెత్తురు కడగడానికి బిలాస్‌పూర్ స్టేషన్లో మొదట పిలిచేది ఆమెనే. చేతులకు తొడుగులిమ్మని అడిగితే స్టోరువాళ్ళు నవ్వారు. అందుకని పాలపాకెట్ల కవర్లు చేతులకు తొడుక్కుని, మణికట్ల దగ్గర జనపతాడు బిగించుకునేది.

అంతకుముందు ఆ పని ఆమె మొగుడు సింహాచలం చేసేవాడు. శ్రీకాకుళం వైపు నుంచి కుర్రతనంలో వచ్చి, ఆ తాడూ ఆ బకెట్టుతోనే బతికి, కామెర్లొచ్చి పోయాడు. కామెర్లు ఎక్కడినుంచి అంటుకున్నాయో డాక్టరు చెప్పలేదు. చెప్పకపోయినా అప్పయమ్మకు తెలుసు. మొగుడి ఉద్యోగం ఆమెకిచ్చారు, ఆయన బకెట్టుతో సహా.

డ్యూటీ ఒక్కటే కాదు, కాలనీ ఇళ్ళలోనూ ఆ అవసరం పడేది. ఎవరికో తల పగిలేది, ఎవరో మేడమెట్ల మీంచి జారిపడేవారు. అప్పుడు వెనక సందులోకి వచ్చి పిలిచేవారు. పేరు పెట్టి పిలిచేవారు కాదు, "ఓయ్" అనేవారు. వెనక గుమ్మంలోంచి వెళ్ళాలి, వెనక గుమ్మంలోంచే రావాలి. పని అయ్యాక సోలెడు బియ్యమో, చిరుగుల చీరో ప్రహరీ మీద పెట్టి తలుపు వేసుకునేవారు. ఇచ్చే చెయ్యీ పుచ్చుకునే చెయ్యీ కలవకుండా ఆ గోడ బాగా పనికొచ్చేది.

ఇక పధ్నాలుగో నంబరు సంగతి. అది గుమాస్తాలూ గార్డులూ ఉండే లైన్లో చివరి క్వార్టరు. ఎనభై అయిదులో ఆ ఇంట్లో సూర్యం అనే టీటీని సొంత బావమరిదే పొడిచి చంపాడు. ఆ నెత్తురూ అప్పయమ్మే కడిగింది. గచ్చు పగుళ్ళలోది వేపపుల్లతో గీకి గీకి తీసింది. తరవాత ఆ ఇల్లు ఎవరికిచ్చినా వద్దన్నారు. తెలుగువాళ్ళు వద్దన్నారు, బెంగాలీలు వద్దన్నారు, ఛత్తీస్‌గఢీ డ్రైవరొకడు సామాను దింపి, ఆ పూటే మళ్ళీ ఎక్కించేశాడు. దెయ్యం ఈల వేస్తుందని ఒకరూ, టికెట్ అడుగుతుందని ఒకరూ చెప్పుకున్నారు. టికెట్ లేకుండా తిరిగేవాళ్ళు చాలామందే ఉన్నట్టున్నారు, ఎవరూ ఆ గుమ్మం తొక్కలేదు.

నాలుగేళ్ళు చూసి క్వార్టర్ల గుమాస్తా రాంప్రసాద్ అప్పయమ్మను అడిగాడు. ఆమె అప్పటికి నాలా పక్కన, వాన పడితే మురుగునీళ్ళు మంచాలెక్కే గదిలో, కూతురు తనూజతో ఉంటోంది. మరునాడే సామాను మోసుకొచ్చేసింది. తనూజ ముందు వరండాలో చాప వేసుకుని పుస్తకం తెరిచింది. తనకు ముందు వరండా అంటూ ఒకటి ఉండటం ఆ పిల్లకు అదే మొదలు.

అక్కడ మొదలైంది గొడవ. నాలుగేళ్ళు దెయ్యం పక్కన కాపరం చేసి కిమ్మనని లైను, ఆ దెయ్యం నెత్తురు కడిగిన మనిషి పక్కన నెల తిరక్కుండా ఉక్కిరిబిక్కిరైపోయింది. హెడ్ క్లర్కు కామేశ్వరరావు, అక్కడి తెలుగు సంఘానికి కార్యదర్శి, ఇంగ్లీషులో ఒక అర్జీ రాశాడు. రక్తమాంసాలు ఎత్తే మనిషి సంసారుల మధ్య ఉండటం అందరి ఆరోగ్యానికీ హాని అని దాని సారం. కులం మాట ఎక్కడా లేదు. చదువుకున్నవాడు కదా, అవసరమైన చోట దాన్ని ఆరోగ్యం అంటాడు. లైనంతా సంతకాలు పెట్టింది. పదమూడో నంబరులో ఉండే రిటైరు కాబోతున్న గార్డు త్రినాథరావు కూడా పెట్టాడు. ఆయన భార్య లక్ష్మీనరసమ్మ మాత్రం గోడ మీంచి అప్పయమ్మతో మాట్లాడుతూనే ఉండేది, కరివేపాకు ఇస్తూనే ఉండేది. చేతికే ఇచ్చేది.

ఏడాది నలిగి, తొంభై మే నెలలో నోటీసొచ్చింది. సోమవారానికల్లా ఖాళీ చేసి నాలా పక్క గదికి వెళ్ళిపొమ్మని. రాంప్రసాద్ దాన్ని హిందీలో చదివి వినిపించి, తల దించుకుని వెళ్ళిపోయాడు.

"అమ్మా, ఛోడో నా, వదిలెయ్. ఎళ్ళిపోదాం," అంది తనూజ.

"ఎక్కడికే గుంటా? ఆ మురుగులోకా? ఈ ఇంటి నెత్తురు నాను కడిగినాను. ఒక్కడైనా కడిగినాడా? నన్ను కాల్లట్టుకుని ఈడ్సినా కదల్ను."

అంది గానీ, సోమవారం తాళం పగలగొడితే తాను చేయగలిగేదేమీ లేదని ఆమెకు తెలుసు. 

ఆదివారం మిట్టమధ్యాహ్నం త్రినాథరావుకు కడుపులో పుండు పగిలింది. ముందుగదిలో మంచం మీంచి వరండా దాకా నెత్తురు కక్కుకుంటూ వచ్చి పడిపోయాడు. రైల్వే ఆసుపత్రి బండి వచ్చింది. ఏడుస్తూ బండెక్కుతున్న లక్ష్మీనరసమ్మతో కామేశ్వరరావు లైనంతా వినేలా, "మీరు వెళ్ళండమ్మా, ఇల్లు నేను చూసుకుంటాను," అన్నాడు. ఆయనది పన్నెండో నంబరు. పన్నెండుకూ పదమూడుకూ వరండా ఒకటే.

బండి వెళ్ళాక ఆయనకు వరండా కనిపించింది. నెత్తురు తన గుమ్మం వైపు పారి, ఎండకు గడ్డకడుతోంది. ఈగలు దిగాయి. నాలా పక్కన ఉండే సఫాయివాళ్ళ దగ్గరికి మనిషిని పంపించాడు. అక్కడివాళ్ళకు నోటీసు సంగతి తెలుసు. "మీ లైన్లోనే ఉందిగా ఒకామె, ఆమెనే అడగండి," అని తలుపులు వేసుకున్నారు. లైన్లో వాళ్ళంతా ఎవరి వరండాలో వాళ్ళు నిలబడి అయ్యో అన్నారు. అయ్యో అనడానికి నీళ్ళూ చీపురూ అక్కర్లేదు.

కాసేపటికి పధ్నాలుగు వెనక తలుపు చప్పుడైంది. మళ్ళీ చప్పుడైంది.

"నాకో ముందు గుమ్మం ఉన్నాది," అని అరిచింది అప్పయమ్మ లోపల్నుంచి.

కామేశ్వరరావు చుట్టూ తిరిగి ముందుకొచ్చాడు. మెట్టు కిందే నిలబడ్డాడు.

"అప్పయమ్మా, చూశావు కదా. కాస్త వచ్చి..."

"సూసినాను."

"ఆ నోటీసు సంగతి మనసులో పెట్టుకోకు. అచ్ఛా, రేపు నేనే రాంప్రసాద్‌తో మాట్లాడతాలే. ఇది మాత్రం చూడు."

అదీ ఆయన ఎత్తు. వేడుకోలు కాదు, బేరం. అప్పయమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"నెత్తురు కడిగితే ఇల్లుంచుతారా బాబూ? కడగపోతే తీసేత్తారా? అయితే ఇల్లు నాది కాదన్న మాట, మీ బిచ్చమన్న మాట! ఏటనుకుంటన్నారు నన్ను? నెత్తురు తాకిన మడిసి పక్కనుంటే రోగాలొస్తాయని రాసినారు కదా. మరిప్పుడు నన్ను తాకమంటన్నారేటి? నాను రాను."

ఆయన గొంతు తగ్గించాడు. "సాయంత్రానికి లక్ష్మీనరసమ్మగారు బట్టల కోసం వస్తానన్నారు. ఈ ఇల్లిలా చూస్తే ఆవిడ తట్టుకోలేదు."

ఆ మాటకు అప్పయమ్మ ఆగింది. లక్ష్మీనరసమ్మ చేయి గుర్తొచ్చింది. లోపలికెళ్ళి బకెట్టూ, రంపపు పొట్టూ, కొబ్బరిపీచూ, ఫినాయిలు సీసా తెచ్చి ఆయన కాళ్ళ దగ్గర పెట్టింది. రెండు పాలపాకెట్ల కవర్లూ, తాడూ చేతికిచ్చింది.

"ఆయమ్మ కోసం ఒస్తాను. నిలబడి సెప్తాను. సేతులు మాత్రం మీవే."

"నేనా?"

"ఇల్లు నాను సూసుకుంటానని ఎవరన్నారు? నానన్నానా?"

లైనంతా వింటోంది. కామేశ్వరరావు అటూ ఇటూ చూశాడు. ఏ వరండాలోంచీ ఎవరూ దిగలేదు. చివరికి పంచె ఎగ్గట్టాడు.

అప్పయమ్మ పదమూడు గుమ్మంలో నిలబడి చెప్పింది. ముందు పొట్టు చల్లమంది. అంచుల్నుంచి లోపలికి తీయమంది. వేణ్ణీళ్ళు తెస్తానంటే, "ఉడికి అంటుకుపోద్ది, సన్నీల్లే పోయండి," అని కసిరింది. ఆయన రెండుసార్లు పెరట్లోకి పరుగెత్తి వాంతి చేసుకున్నాడు. ఆమెకు జాలి వేయలేదు. సింహాచలం మొదటిరోజు వాంతి చేసుకున్నప్పుడు ఏ లైను చూసి జాలిపడింది? మంచంకోళ్ళ కింద, గడప పగుల్లో మిగిలినదాన్ని వేలుపెట్టి చూపించి మళ్ళీ తీయించింది. పొద్దు వాలేసరికి గచ్చు తెల్లబడింది.

బట్టలు తడిసి, ఫినాయిలు కంపు కొడుతూ కామేశ్వరరావు తన గుమ్మం మెట్టెక్కబోయాడు. జాలీ తలుపు వెనక ఆయన భార్య మీనాక్షి గడియ పెట్టేసింది.

"ఇటు కాదండీ! ఆ చేతుల్తో ఇటొచ్చేస్తారేటి? వెనకనుంచి రండి. నూతి దగ్గర నీళ్ళెట్టాను."

లైనంతా చూస్తుండగా ఆయన ఆ మెట్టు మీద కొయ్యబారిపోయాడు.

"ఎల్లండి బాబూ," అంది అప్పయమ్మ. "ఆ దారి నాకు బాగా తెలుసును, సూపించమంటారేటి? రేపు ఆపీసులో ఇంకో మాట కూడా సెప్పండి. ఈ లైన్లో నెత్తురు కడిగినోల్లు ఇప్పుడు ఇద్దరయినారు. కాలీ సేయిస్తే ఇద్దరిసేతా సేయించమనండి."

సోమవారం తాళం పగలగొట్టడానికి ఎవరూ రాలేదు. ఆ తరవాతా రాలేదు. కామేశ్వరరావు ఆఫీసులో ఏం చెప్పాడో ఆయనకే తెలియాలి. త్రినాథరావు బతికి ఇంటికొచ్చాడు. అప్పయమ్మ రిటైరయ్యేదాకా పధ్నాలుగులోనే ఉంది.

ఇక్కడితో ఆపితే కథ బాగానే ఉంటుంది. కానీ ఆ ఏడాది డిసెంబరులో తెలుగు సంఘం వార్షికోత్సవం జరిగింది. పందిరి వేసి, మైకు పెట్టి, తోటివాడి రక్తాన్ని స్వహస్తాలతో కడిగిన మహామనిషి అని కామేశ్వరరావుకు శాలువా కప్పారు. ఆయన అంటు నూతి దగ్గర రెండు చెంబులతో పోయింది, పైగా పుణ్యమైపోయింది. మీనాక్షి ముందువరసలో కూర్చుని చప్పట్లు కొట్టింది. సభకు అప్పయమ్మను ఎవరూ పిలవలేదు. మైకు మాత్రం ఆమె వరండాలోకి బాగా వినిపించింది.

తనూజ పుస్తకం మూసి తల్లి వైపు చూసింది. అప్పయమ్మ మరునాటి డ్యూటీ కోసం పాలపాకెట్ల కవర్లు కడిగి తీగ మీద ఆరేస్తోంది.

"ఒక్క మద్దేనం కడిగినోడికి శాలువా కప్పినారే," అంది. "మరి మీ అయ్యకి ఆకరికి కప్పడానికి కొత్త గుడ్డేనా ఇచ్చినారా, ఈల్లు? పాత సీర ఇచ్చినారు. అదీ గోడ మీద ఎట్టి."