గిన్నెడు మురికి

మా పక్కింటి మరకల మావయ్య మనిషి మొహం కంటే ముందు కాలరు చూస్తాడు. లాండ్రీ నడిపి నడిపి ఆయన చూపు అక్కడే స్థిరపడిపోయింది. నేను పెళ్లికి బయల్దేరినా, పరామర్శకు బయల్దేరినా గేటు దగ్గర ఆపి, "అల్లుడూ, కాఫీ తాగావా, చొక్కాకి పట్టించావా?" అంటాడు. జుట్టు నెరిసినవాణ్ణయినా, చేతిసంచి అడ్డం పెట్టుకుని జారుకుంటాను.

అలాంటి మనిషి పెరట్లో చేపల కొలను పచ్చబడింది. మోకాలి ఆపరేషనయ్యాక అత్తయ్య పొద్దస్తమానం కూర్చునేది ఆ గట్టు మీదే. ఒక ముసలి ఎర్రచేప ఆవిడ వేళ్ల దగ్గరికొచ్చి మేత తినేది. "ఈ ఇంట్లో నా చీర కాకుండా నా మొహం చూసేది ఇదొక్కటే," అనేది. నీళ్లు పచ్చబడేసరికి అది కనిపించడం మానేసింది.

మా పెరట్లోనూ చిన్న కొలను ఉంది కనక, మావయ్య ఫిల్టరు కొనడానికి నన్ను వెంటబెట్టుకెళ్లాడు. నీళ్లలో ముంచేది చిన్నది, గట్టు మీద పెట్టే డ్రమ్ము పెద్దది. "పెద్దదే తీసుకోండి," అన్నాను. తీసుకున్నాడు. నా మాట విని కాదు, అందులో స్పాంజీ తెల్లగా ఉందని.

కొన్ని వారాలకి నీళ్లు అద్దమయ్యాయి. ఎర్రచేప మళ్లీ వేళ్ల దగ్గరికొచ్చింది. అక్కడితో ఊరుకుంటే ఆయన మరకల మావయ్య ఎందుకవుతాడు? ఒకరోజు మూత తీసి, గోధుమరంగు జిగురు పట్టిన స్పాంజీ చూశాడు. లాండ్రీకి పట్టుకెళ్లి, బ్లీచింగులో నానబెట్టి, నాలుగు నీళ్లలో జాడించి, ఎండబెట్టి, మల్లెపువ్వులా తెచ్చి బిగించాడు.

త్వరలోనే నీళ్లు విరిగిన పాలలా మారాయి. ఎర్రచేప పైకి తేలి నోరు తెరుచుకుని గాలి కోసం కొట్టుకుంటోంది. అత్తయ్య నాకు కబురు పెట్టి, స్పాంజీ ఉతికిన సంగతి చెప్పింది.

"ఆ జిగురు మురికి కాదత్తయ్యా. చేపల మలినాన్ని తినే జీవాలు అందులో ఉంటాయి. అప్పుడప్పుడూ కొలను నీళ్లలోనే ముంచి, ఓసారి పిండి పెట్టేయాలంతే."

"పెరుగు గిన్నె తోమేసి, తోడు లేకుండా పాలు పోసినట్టన్నమాట. మీ ఇంట్లో తోడుందా?"

"మా ఫిల్టరు శుభ్రంగా కడిగింది ఎన్నడూ లేదు," అన్నాను నేల చూస్తూ.

"బంగారుతండ్రివి."

నా బద్ధకాన్ని మెచ్చుకున్న మొదటి మనిషి ఆవిడే.

సాయంత్రం మా గేటు చప్పుడైంది. గంజి పెట్టిన తెల్లచొక్కాలో మావయ్య, చేతిలో స్టీలు గిన్నె. అత్తయ్యే పంపిందని మొహమే చెబుతోంది. ఈసారి నా కాలరు చూడలేదు. గేటు గడియ చూశాడు.

"అల్లుడూ... కాస్త మురికి పెట్టు."

"ఎంత కావాలి మావయ్యా?"

"నీ దగ్గర కరువా? నిండా పెట్టు."

నా స్పాంజీలో సగం కోసి, కొలను నీళ్లతో సహా గిన్నెలో వేశాను. దాన్ని ఒంటికి దూరంగా పట్టుకుని వెళ్లి తన డ్రమ్ములో పెట్టాడు. మేత ఆపాడు. రోజూ కొంచెం పాత నీళ్లు తోడేసి, ముందురోజు పట్టి ఉంచినవి పోశాడు. లాండ్రీకి ఆలస్యంగా వెళ్లడం ఆయన్ని ఎరిగినవాళ్లెవరూ అంతకుముందు చూడలేదు.

మొన్న వెళ్లేసరికి ఎర్రచేప అత్తయ్య వేళ్ల దగ్గర ఉంది. మావయ్య స్పాంజీని బకెట్లోని కొలను నీళ్లలో ముంచి ఒకసారి పిండాడు. రెండోసారికి చేతులు లేచాయి. అత్తయ్య దగ్గింది. గోధుమరంగుతోనే మూత పెట్టేసి, వచ్చి ఆవిడ పక్కన కూర్చున్నాడు.

ఆవిడ కొంగు మీద మేత మరక ఉంది. చేపని చూసి నవ్వుతున్న ఆవిడ మొహమే ఆయన చూస్తున్నాడు. మరక నేనే చూశాను. చెప్పలేదు.