ముట్టింది, సమ్మతమే

బడికి ఏ వస్తువు వచ్చినా, వచ్చిందని సంతకం పెట్టేది డెల్ఫీనా చోకె. కొండల మీదున్న ఒరూరో పట్నంలో రైలుపట్టాల పక్కనున్న బడికి ఆమె ముప్పై ఒక్క ఏళ్లుగా కాపలామనిషి. గంట కొట్టేదీ ఆమే, తాళం వేసేదీ ఆమే, చలికి కొళాయి గడ్డకడితే వేణ్నీళ్లు పోసి కరిగించేదీ ఆమే. సుద్దముక్కల పెట్టె వచ్చినా, చీపుళ్ల కట్ట వచ్చినా కాగితం అడుగున సంతకం, సంతకం మీద రెండు మాటలు: "ముట్టింది, సమ్మతమే." మా దేశంలో ఆ రెండు మాటలూ లేకపోతే ఏ గుమాస్తా కాగితం తీసుకోడు. సుద్దముక్కలు సగం విరిగి వచ్చినా సమ్మతమే. చీపురు పుల్లలు గుమ్మం దాటకముందే రాలిపోయినా సమ్మతమే. అన్నేళ్లు రాసీ రాసీ ఆమె చెయ్యి ఆ మాటలను ఆమెను అడక్కుండానే రాసేసేది. ఈ కథంతా ఆ చెయ్యి చేసిన నిర్వాకం.

డెల్ఫీనా పెళ్లి చేసుకోలేదు. ఎవరైనా అడిగితే, "బడి తాళాలు ఎవరికిచ్చి పోను?" అనేది. ఇంట్లో తల్లి తొమాసా ఒక్కతే తోడు, ఎనభై మూడేళ్ల మనిషి. తొమాసా సంతలో నలభై ఏళ్లు సముద్రపు నాచు అమ్మింది. పులుసులో వేసుకునే గోధుమరంగు నాచు అది, సరిహద్దు అవతలి అరికా రేవు నుంచి లారీల్లో గోనెలకొద్దీ వచ్చేది. గోనె మూతి విప్పగానే ఆమె మొహం లోపల పెట్టి గట్టిగా ఒకసారి పీల్చి, "సముద్రం వచ్చిందర్రా!" అని పక్క దుకాణాలకు వినబడేలా అరిచేది. ఒకప్పుడు మా దేశానికీ సముద్రతీరం ఉండేది. పొరుగుదేశంతో యుద్ధంలో పోయి నూట నలభై ఏళ్లు దాటింది. ఏటా మార్చి ఇరవై మూడున బడిపిల్లలు నీలం కాగితపు టోపీలు పెట్టుకుని చౌరస్తా దాకా నడిచి, తిరిగి తెచ్చుకుంటామని అరిచి వస్తారు. ఆ టోపీలు మడిచి ఇచ్చేది డెల్ఫీనాయే. వేల టోపీలు మడిచింది కానీ, తల్లీకూతుళ్లలో ఒక్కరు కూడా సముద్రం మొహం చూడలేదు.

పోయిన చలికాలంలో, అంటే మాకు జూన్ జూలైల్లో, తొమాసా కంట్లో నీటికాసులని తేలింది. ఎడమ కన్ను అప్పటికే పోయింది. కుడి కంటికి గొట్టంలోంచి చూసినట్టు నడిమధ్య మాత్రం కనబడుతోంది. డాక్టరమ్మ డెల్ఫీనాను పక్కకు పిలిచి, "మీ అమ్మ ఏదైనా చూడాలనుకుంటే త్వరగా చూపించు" అంది. తొమాసాకు తగ్గింది చూపే గానీ వినికిడి కాదు. ఇంటికి పోయే మినీబస్సులో కూర్చోగానే, "సముద్రం" అంది.

"ఏంటమ్మా?"

"ఏదైనా చూడాలంటే చూపించమందిగా ఆవిడ. సముద్రం చూస్తాను. కొండల్ని చాలా చూశాను, మనుషుల్ని ఇంకా ఎక్కువ చూశాను. ఇక చాలు."

ఇంటి పైకప్పు రేకులు మార్చాలని రెండేళ్లుగా దాచిన డబ్బంతా డెల్ఫీనా నీలికెరటం అనే ట్రావెల్ ఏజెన్సీలో కట్టింది. అరికాకు మూడు రోజుల ట్రిప్పు, బస్సూ హోటలూ వాళ్లవే. అక్టోబరులో బయల్దేరాల్సిన రోజు తెల్లారకముందే తల్లీకూతుళ్లు బస్సు దగ్గర నిలబడ్డారు. తొమాసా పండగ పావడా కట్టుకుని, అంచుల శాలువా కప్పుకుని, నల్ల టోపీ పెట్టుకుంది. "సముద్రం ముందు నలిగిన బట్టలతో నిలబడతామా?" అంది. బస్సు తలుపు తెరుచుకోలేదు. ఏజెన్సీలో పనిచేసే లిసెత్ అనే అమ్మాయి మాత్రం వచ్చింది.

"సరిహద్దు దగ్గర లారీవాళ్లు రోడ్డు బంద్ చేశారమ్మా. ట్రిప్పు రద్దు."

డెల్ఫీనాకు కోపం తెచ్చుకోవడానికి కూడా మొహం చెల్లలేదు. టీచర్ల సంఘం బంద్ చేసినప్పుడల్లా తనూ వెళ్లి రోడ్డుకడ్డంగా రాళ్లు దొర్లించింది. అప్పుడు ఏ ముసలమ్మ ఎక్కడికి పోలేక నిలబడిపోయిందో ఆమెకు తెలియదు. తల్లి చెయ్యి పట్టుకుని, మూటలు భుజాన వేసుకుని ఇంటికి తిరిగొచ్చింది.

వారం తర్వాత డబ్బు వెనక్కి తీసుకుందామని వెళ్లింది. ఏజెన్సీ మూడో అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు. లిసెత్ మాట తేనె. ఆయాసపడుతున్న మనిషిని కూర్చోబెట్టి కోకా ఆకు టీ ఇచ్చింది.

"మీ డబ్బు ఎక్కడికీ పోదమ్మా. మీ పేరు మీదే ఉంది. ఇదిగో, ఇక్కడొక సంతకం పెట్టండి."

మా దగ్గర ఏ కౌంటర్లోనైనా ముందు సంతకం, తర్వాతే డబ్బు. డెల్ఫీనా కళ్లద్దాల కోసం వెతుక్కోలేదు. సంతకం పెట్టింది. దాని పైన, ఎవరూ రాయమనకుండానే, గుండ్రటి అక్షరాలతో ఆ రెండు మాటలూ రాసింది. లిసెత్ ముద్ర వేసి ఒక కాపీ చేతిలో పెట్టింది.

"మరి డబ్బు?"

"ఇదేనమ్మా డబ్బు. ఫిబ్రవరి ఆఖరులోగా మా ట్రిప్పుల్లో దేనికైనా వాడుకోవచ్చు. నగదు బదులు ఇది తీసుకుంటున్నట్టు ఇందులోనే ఉంది."

"నాకు మీ ట్రిప్పొద్దు తల్లీ. డబ్బిచ్చెయ్, బంద్ తియ్యగానే మామూలు బస్సులో తీసుకెళ్తాను. మా అమ్మ కళ్లు ఫిబ్రవరి దాకా ఆగవు."

"మీరే సమ్మతమని రాశారు కదమ్మా."

"అది అలవాటు కొద్దీ రాశానే!"

"అలవాటు కొద్దీ అని రాయలేదుగా మరి" అంది లిసెత్. ఆ పిల్లకు వెటకారం తెలియదు, నిజంగానే అంది. అదే ఎక్కువ మండించింది డెల్ఫీనాకు.

అక్కణ్నుంచి కాళ్లరిగేలా తిరగడం మొదలైంది. అరికా ట్రిప్పుకు నవంబరులో కావలసిన ఇరవై మంది కుదరలేదు. డిసెంబరులో సెలవుల రేటు, తేడా కట్టమన్నారు. తేడా మాట అటుంచి, తల్లి కంటి చుక్కలకే జీతం చాలడం లేదు. మేనేజరును కలుస్తానంటే ప్రతిసారీ "ఇప్పుడే కిందికి దిగారమ్మా" అనేవాళ్లు. ఆ భవనానికి ఉన్నది ఒకటే మెట్లదారి. ఆరుసార్లు ఎక్కి ఆరుసార్లు దిగినా ఆ మహానుభావుడు ఒక్కసారీ ఎదురుపడలేదు.

వినియోగదారుల ఫిర్యాదులు తీసుకునే చోటుకూ వెళ్లింది. అక్కడి గుమాస్తా మంచివాడు. కాగితం రెండుసార్లు చదివి నిట్టూర్చాడు.

"ఉత్త సంతకమైతే ఏదో ఒకటి చేసేవాణ్ని అక్కా. ఈ రెండు మాటలెందుకు రాశావు?"

"ఇందాక మీ రసీదు మీద ఏం రాశానో చూడండి."

అతను చూశాడు. ఫిర్యాదు అందినట్టు ఇచ్చిన రసీదు మీద కూడా అవే మాటలు, అవే గుండ్రటి అక్షరాలు. అతనికి నవ్వాగలేదు. డెల్ఫీనా నవ్వలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభమని లేచి వచ్చేసింది.

జనవరిలో ఒక పొద్దున తొమాసా టీ పోస్తూ కప్పు పక్కన పోసింది. డెల్ఫీనా పరుగున వచ్చి బల్ల తుడిచింది.

"కనబడట్లేదా అమ్మా?"

"వెలుతురుందే. వస్తువులే లేవు" అంది తొమాసా.

బడికి సెలవులు. డెల్ఫీనా తాళం తీసుకుని వెళ్లి, ఖాళీగా ఉన్న ఒకటో తరగతిలో, పిల్లల చిన్న కుర్చీలో ఇరుక్కుని కూర్చుని ఏడ్చింది. లిసెత్ మీద కోపం రాలేదు, మేనేజరు మీద కూడా అంత రాలేదు. కుడి చెయ్యి మీద వచ్చింది. దాన్ని బల్లకేసి రెండుసార్లు కొట్టుకుంది. నొప్పి పుట్టింది తప్ప ఏమీ మారలేదు.

ఫిబ్రవరి మూడో వారంలో లిసెత్ ఫోను చేసింది. "నెలాఖరుకు మీ జమ రద్దయిపోతుందమ్మా. అరికా లేదు. ఉప్పు మైదానం ట్రిప్పులో రెండు సీట్లున్నాయి. ఒక రోజులో వెళ్లి రావచ్చు. ఏమంటారు?" ఏమంటుంది? పూర్తిగా పోయేదాంట్లో ఎంతొస్తే అంతేనని సరేనంది. ఫోను పెట్టగానే లోపలి గదిలోంచి తల్లి గొంతు వినిపించింది.

"ట్రిప్పువాళ్లేనా?"

"ఆ."

"సముద్రానికేనా?"

డెల్ఫీనా కాదని చెప్పడానికే నోరు తెరిచింది. కానీ తల్లి అప్పటికే మంచం దిగి, పండగ పావడా కోసం పెట్టె తడుముతోంది. "ఆ, సముద్రానికే" అనేసింది. పుట్టి బుద్ధెరిగాక తల్లితో అంత పెద్ద అబద్ధం ఆడటం అదే మొదలు.

మా దగ్గర ఫిబ్రవరి అంటే వానాకాలం కదా, కనుచూపు మేర గట్టి ఉప్పు పరుచుకున్న ఆ మైదానం మీద చీలమండల దాకా నీళ్లు నిలిచాయి. ఆకాశం కింద మరో ఆకాశం. బస్సు దిగినవాళ్లంతా కేకలు పెడుతూ ఫొటోలు తీసుకుంటున్నారు. డెల్ఫీనా తల్లి చెప్పులు విప్పి, పావడా అంచు పైకి దోపి, నెమ్మదిగా నీళ్లలో నిలబెట్టింది. తొమాసా పాదాలతో నేలను రాసి చూసింది. వంగి వేళ్లు ముంచి నాలుక మీద పెట్టుకుంది.

"ఉప్పే" అంది.

"ఉప్పేనమ్మా."

"ఎంత దూరముంది?"

"చివర కనబడట్లేదమ్మా." అది మాత్రం నిజమే.

"చప్పుడు లేదేమే? అలలు కూడా బంద్ చేశాయా?"

తొమాసా టోపీ తీసి మొహం ఎత్తి, సంతలో గోనె మూతి విప్పినప్పటిలాగే గట్టిగా ఒకసారి పీల్చింది. తర్వాత టోపీ పెట్టేసుకుంది.

సాయంత్రం బస్సులో గైడు అట్ట మీద కాగితం పెట్టుకుని సీటు సీటుకూ తిరిగాడు. ట్రిప్పు సక్రమంగా జరిగిందని అందరూ సంతకాలు పెట్టాలట. డెల్ఫీనా కలం పట్టుకుని అలాగే ఉండిపోయింది. ఈసారి ఏమైనా సరే ఆ రెండు మాటలూ రాయకూడదనుకుంది.

"త్వరగా కానివ్వండమ్మా" అన్నాడు గైడు.

"రాసెయ్యవే" అంది తొమాసా.

"రాయను. ఏం ముట్టిందని రాయను?"

తొమాసా తడుముకుని కూతురి కుడి చెయ్యి పట్టుకుంది. గైడుకు వినబడకుండా చెవి దగ్గరికి వంగింది.

"పిచ్చిదానా, సముద్రానికి పోవాలంటే కొండ దిగాలి. పొద్దున్నుంచి మన బస్సు ఎక్కడైనా దిగిందా? నలభై ఏళ్లు నాచు అమ్మినదాన్ని, వాసన తెలీదనుకున్నావా?"

"మరి ఎందుకొచ్చావమ్మా?" డెల్ఫీనా కళ్లలోంచి నీళ్లు కాగితం మీద పడ్డాయి.

"నువ్వింక ఆ మెట్లెక్కకూడదని" అంది తొమాసా. "సమ్మతమని రాసెయ్. నా వేలిముద్ర కూడా వేయించు."